ఊడిన పన్ను, ఒక గ్లాసు పాలు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "అన్నా, పదిహేను నిమిషాలు మాట్లాడాలె. నువ్వు పళ్ళ డాక్టరువి కాబట్టి పళ్ళ గురించే చెప్పు" అన్నాడు. స్వర్ణోత్సవం నాడు పిప్పి పళ్ళ గురించి ఏం చెబుతామని మొదట నవ్వుకున్నాను. తర్వాత ఈ బడి గ్రౌండులోనే జరిగిన ఒక సంగతి గుర్తొచ్చింది. ఇన్నేళ్ళుగా ఎక్కడా చెప్పలేదు. అది చెప్పడానికి ఇంతకంటే తగిన చోటు లేదు.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పటి మాట. అప్పుడు వెనుక వైపు కొత్త బిల్డింగు లేదు. మట్టి గ్రౌండు, దాని పక్కన రేకుల షెడ్డు, షెడ్డు ముందు రెండు సిమెంటు మెట్లు. ఒకరోజు ఇంటర్వెల్‌లో కబడ్డీ ఆడుతున్నాం. నా మిత్రుడు కూతకొచ్చాడు. నేను వాడి కాలు దొరకబుచ్చుకున్నాను. వాడు గీత వైపు ఎగిరాడు, నేను వదల్లేదు. వాడి ముఖం పోయి ఆ మెట్టు అంచుకు కొట్టుకుంది. లేచేసరికి నోటినిండా రక్తం. పై వరుసలో ముందు పన్ను ఒకటి లేదు. విరగలేదు, వేరుతో సహా ఊడి మట్టిలో పడింది.

ఆ పన్ను నేనే ఏరాను. వేరు దగ్గర పట్టుకుని నిక్కరుకు రుద్దాను. మట్టి పోలేదని నల్లా కింద పెట్టి గోటితో గీకాను. చుట్టూ చేరిన వాళ్ళలో ఒక పెద్దామె, "ఏం కాదు బిడ్డా, పేడల పెట్టి కప్పు మీదికెయ్యి. మళ్ళొస్తది" అంది. పాల పన్ను ఊడితే మన ఇళ్ళల్లో చేసేది అదే కదా. పేడ దొరకలేదు. పన్నును షెడ్డు రేకుల మీదికి విసిరాను. అది దొర్లుతూ పోయిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ పన్ను మళ్ళీ రాలేదు. పదకొండేళ్ళ పిల్లవాడి పై ముందు పన్ను అంటే అది శాశ్వత దంతం. దాని తర్వాత రావడానికి చిగురు లోపల ఇంకో పన్ను ఉండదు. మా పదో తరగతి గ్రూప్ ఫొటో ఉన్నవాళ్ళు చూడండి, వాడొక్కడే నోరు గట్టిగా మూసుకుని ఉంటాడు. పెళ్ళి చూపుల దాకా వాడు చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వాడు. ఇవాళ ఈ హాల్లోనే ఉన్నాడు. వాడి అనుమతి తీసుకునే ఇదంతా చెబుతున్నాను. "చెప్పురా, ఇంకొకరి పన్నయినా మిగుల్తది" అన్నాడు.

డెంటల్ కాలేజీలో చేరిన తర్వాతే తెలిసింది, ఆ పన్నును నిలబెట్టడానికి అవకాశం ఉండిందని. ఆ రోజు మా చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరికీ అది తెలియదు. అందులో ఎవరి తప్పూ లేదు. కానీ ఇప్పుడు తెలుసు కాబట్టి, తెలిసీ చెప్పకపోతే తప్పవుతుంది.

ముందుగా పన్ను ఎలా నిలబడుతుందో రెండు మాటల్లో చెబుతాను. పన్ను గోడకు కొట్టిన మేకులాగా ఎముకలో దిగి ఉండదు. వేరుకు, ఎముకకు మధ్య ఒక సన్నని పొర ఉంటుంది. మందం మిల్లీమీటరులో ఐదో వంతు మాత్రమే. దాన్ని మేం పెరియోడాంటల్ లిగమెంట్ అంటాం. ఊయలను తాళ్ళు మోసినట్టు అందులోని నార పోగులు పన్నును మోస్తాయి. దెబ్బకు పన్ను ఊడినప్పుడు ఈ పొర రెండుగా చీలుతుంది. సగం గుంటలో మిగులుతుంది, సగం వేరుకు అంటుకుని బయటికి వస్తుంది. వేరు మీద ఉన్న ఆ కణాలు బతికి ఉన్నంతసేపే పన్ను మళ్ళీ మామూలుగా అతుక్కునే అవకాశం. గాలికి ఆరితే అవి చచ్చిపోతాయి. పూర్తిగా పొడిగా గంటసేపు, అంటే 60 నిమిషాలు ఉంటే ఇక అవి బతికి లేనట్టే లెక్క.

డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్‌కు చెందిన ఆండ్రియాసెన్ అనే వైద్యుడు దెబ్బ తగిలిన పళ్ళ మీదే జీవితమంతా పనిచేశారు. 1966లో ఆయన, తోటి వైద్యుడొకరు కలిసి, ఊడి తిరిగి పెట్టిన పళ్ళను ఏళ్ళ తరబడి గమనించి ఒక వ్యాసం రాశారు. అరగంటలోపు గుంటలో పెట్టిన పళ్ళలో 90 శాతం వేళ్ళు అరగకుండా నిలిచాయి. రెండు గంటలు దాటాక పెట్టిన పళ్ళలో 95 శాతానికి వేరు అరిగింది. తర్వాత వచ్చిన విధానాలన్నిటికీ వెనుక ఈ గడియారమే ఉంది.

ఇప్పుడు మన ప్రాంతం సంగతి ఆలోచించండి. సాయంత్రం బడి వదిలే వేళకు దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తా దాటడానికి ఎంతసేపు పడుతుందో మీకు వేరే చెప్పాలా? కొత్తపేట నుంచి ఎల్బీనగర్ రింగు రోడ్డు దాకా ఒక్కోసారి బండ్లు కదలవు. అమ్మానాన్నలకు ఫోన్ చేసి, వాళ్ళు ఆఫీసు నుంచి వచ్చి, పిల్లవాణ్ణి ఎక్కించుకుని, డాక్టరు ఎక్కడున్నాడో వెతుక్కుని వెళ్ళేసరికి ఆ గంట గ్రౌండులోనే, రోడ్డు మీదే అయిపోతుంది. నా దగ్గరికి వచ్చాక నేనెంత బాగా చేసినా, చచ్చిపోయిన కణాలను బతికించలేను. కాబట్టి ఊడిన పన్నుకు మొదటి వైద్యం చేయాల్సింది నేను కాదు. పక్కన ఉన్న పీటీ సారు, క్లాస్ టీచరు, ఆయమ్మ, అపార్ట్‌మెంటు వాచ్‌మన్, లేదా పక్కనే ఆడుతున్న ఇంకో పిల్లవాడు. ఈ ఒక్క మాట గుర్తుంటే నా ప్రసంగంలో మిగతాది మరిచిపోయినా పర్వాలేదు.

కొన్నేళ్ళ కింద ఎల్బీనగర్ వైపు ఒక బడిలో పళ్ళ గురించి అరగంట మాట్లాడాను. వెనుక కుర్చీలో పీటీ సారు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు. ఈయన వినడం లేదులే అనుకున్నాను. ఏడాది తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన దగ్గర్నుంచే ఫోన్. "డాక్టర్ సాబ్, తొమ్మిదో తరగతి అమ్మాయి, ఖోఖో పోలుకు కొట్టుకుంది. పన్ను పాలల్ల ఏసిన. మళ్ళ లోపల పెట్టనీకి నాకు ధైర్యం చాలలే. తోలుకొస్తున్న" అన్నారు. బడి ముందు చాయ్ బండి దగ్గర కాచని పాల ప్యాకెట్ చింపించి, స్టీలు గ్లాసులో పోయించి, అందులో పన్ను వేశారు. నా దగ్గరికి వచ్చేసరికి దెబ్బ తగిలి ముప్పై అయిదు నిమిషాలైంది. అందులో పన్ను బయట పొడిగా ఉన్నది నాలుగైదు నిమిషాలే.

ఎక్స్‌రే తీసి, మత్తు ఇచ్చి, గుంటను సెలైన్‌తో కడిగి, పన్నును వేళ్ళతో మెల్లగా లోపలికి జరిపాను. సన్నని తీగతో పక్క పళ్ళకు కలిపి అతికించాను. ఈ కట్టు బిగుతుగా ఉండకూడదు. పన్ను కొంచెం కదిలే వీలుంటేనే ఆ పొర సరిగ్గా మానుతుంది. రెండు వారాలకు కట్టు తీసేశాం. యాంటీబయాటిక్ రాశాను, ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో అడిగాను. రెండు వారాలు పప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ మాత్రమే తినమన్నాను. ఆ అమ్మాయికి పద్నాలుగేళ్ళు, వేరు పూర్తిగా తయారైంది. తెగిపోయిన నరం ఆ వయసులో మళ్ళీ బతకదు కాబట్టి రెండు వారాల్లోపే రూట్ కెనాల్ మొదలుపెట్టాను. అయిదేళ్ళు పిలిపించి చూశాను. ఆ పన్ను ఈనాటికీ ఉంది. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతోంది. పన్ను నిలిపింది నేనని వాళ్ళమ్మ అంటుంది. నిలిపింది చాయ్ బండి దగ్గరి ఆ గ్లాసు అని నేనంటాను.

ఇదే దెబ్బ ఏడెనిమిదేళ్ళ పిల్లలకు తగిలితే లెక్క కొంచెం వేరు. ఆ వయసులో వేరు కొన ఇంకా తెరుచుకునే ఉంటుంది. త్వరగా పెడితే అందులోంచి రక్తనాళాలు మళ్ళీ లోపలికి పెరిగే అవకాశం ఉంది. అందుకని వెంటనే రూట్ కెనాల్ చేయకుండా గమనిస్తూ ఉంటాం.

అన్ని కథలూ ఇలా ముగియవు. ఒక పదేళ్ళ అబ్బాయి సైకిల్ మీంచి పడ్డాడు. పన్నును వాళ్ళమ్మ జాగ్రత్తగా కాగితంలో చుట్టి పర్సులో పెట్టుకుని మర్నాడు తెచ్చింది. ఆ తల్లి జాగ్రత్తే చూపింది. ఏది జాగ్రత్తో ఆమెకు చెప్పినవాళ్ళు లేరు. ఆ పన్నును కూడా గుంటలో పెట్టాను. కానీ పొర చచ్చిపోయింది కాబట్టి వేరు నేరుగా ఎముకకు అతుక్కుంది. అలా అతుక్కున్న వేరును శరీరం మెల్లగా తినేసి ఆ చోట ఎముకను నింపుతుంది. పిల్లవాడు ఎదిగేకొద్దీ పక్క పళ్ళు కిందికి దిగాయి, ఇది అక్కడే ఆగిపోయి పొట్టిగా కనబడసాగింది. "ఇట్లా అయ్యేదానికి ఎందుకు పెట్టారు సార్?" అని ఆమె అడిగింది. న్యాయమైన ప్రశ్నే.

నా జవాబు ఇది. ఎదిగే వయసులో పన్ను లేకుండా వదిలేస్తే ఆ చోట ఎముక సన్నబడిపోతుంది. ఎదుగుదల పూర్తయ్యేదాకా ఇంప్లాంట్ వేయలేం. పక్క పళ్ళను అరగదీసి బ్రిడ్జి కట్టాలంటే చిన్నపిల్లల పళ్ళలో నరం పెద్దదిగా ఉంటుంది, దానికి దెబ్బ తగులుతుంది. అందుకని నాలుగైదేళ్ళే నిలిచే పన్నయినా ఆ పిల్లవాడికి ఎముకను కాపాడి పెడుతుంది. బడిలో ధైర్యంగా నవ్వనిస్తుంది. కాబట్టి గంట దాటిపోయినా, రోజు గడిచినా పన్నును పారేయకండి. తీసుకురండి. పెట్టాలా వద్దా అన్నది డాక్టరు చూసి చెబుతాడు.

ఇక చేయాల్సిన పని చెబుతాను. టీచర్లు కాగితం మీద రాసుకుంటే సంతోషిస్తాను.

మొదట పిల్లవాణ్ణి చూడండి, తర్వాతే పన్ను. స్పృహ తప్పినా, వాంతి చేసుకున్నా, మాట తడబడినా అది తలకు తగిలిన దెబ్బ. వెంటనే 108కి ఫోన్ చేయండి. పిల్లవాడు బాగానే ఉంటే కూర్చోబెట్టి, ధైర్యం చెప్పి, శుభ్రమైన గుడ్డ కరిచిపెట్టమనండి. రక్తం చూసి కంగారు పడకండి.

పన్నును వెతకండి. తెల్లగా నోట్లో కనబడే వైపు పట్టుకోండి. వేరును ముట్టుకోవద్దు, తుడవొద్దు, గీకొద్దు. మట్టి అంటితే పాలలోనో, సెలైన్‌లోనో, పిల్లవాడి ఉమ్మితోనో ఒకసారి మెల్లగా కడగండి.

అది శాశ్వత దంతమైతే, పిల్లవాడు తెలివిగా ఉంటే, అక్కడికక్కడే గుంటలో పెట్టండి. పక్క పన్ను చూసుకుని ముందు వైపు ముందుకే వచ్చేలా మెల్లగా నొక్కండి. తర్వాత చేతి రుమాలు కరిచిపెట్టమని డాక్టరు దగ్గరికి బయల్దేరండి. కొంచెం అటూ ఇటూ అయినా పర్వాలేదు, మేం సరిచేస్తాం. ఇంతకంటే మంచి వైద్యం ఇంకోటి లేదు.

ధైర్యం చాలకపోతే పాలు. మామూలు ప్యాకెట్ పాలు చాలు. వేడివి వద్దు, చక్కెర వేసినవి వద్దు, పెరుగు, మజ్జిగ అసలే వద్దు. పాలలోని ఉప్పు, పులుపు మన కణాలకు దాదాపు సరిపడేలా ఉంటాయి. పాలు దొరకకపోతే గ్లాసులో పిల్లవాడి చేత ఉమ్మించి అందులో వేయండి. అదీ కుదరకపోతే సెలైన్. నల్లా నీళ్ళు మంచివి కావు. ఆ నీళ్ళు తాగి కణాలు ఉబ్బి పగిలిపోతాయి. కానీ వేరే ఏదీ లేనప్పుడు, పొడిగా ఆరనివ్వడం కంటే నీళ్ళే నయం. దంత గాయాల వైద్యుల అంతర్జాతీయ సంఘం 2020లో ఇచ్చిన సూచనలూ ఇవే. కొబ్బరి నీళ్ళ సంగతేమిటని చాలామంది అడుగుతారు. వాటి మీద మన దేశంలోనూ పరిశోధనలు జరిగాయి గానీ, ఆ సూచనల్లో కొబ్బరి నీళ్ళ పేరు లేదు. పాలు దొరికే చోట పాలే వాడండి.

పాల పన్ను ఊడితే మాత్రం లోపల పెట్టకండి. కింద తయారవుతున్న శాశ్వత దంతానికి దెబ్బ తగులుతుంది. ఏది ఏదో ఎలా తెలుస్తుంది? మామూలుగా ఏడెనిమిదేళ్ళకు పై ముందు పళ్ళు రెండూ మారిపోతాయి. అంటే మూడో తరగతి దాటిన పిల్లల ముందు పళ్ళు దాదాపు అన్నీ శాశ్వతమైనవే. అనుమానం ఉంటే లోపల పెట్టకుండా పాలలో వేసి తీసుకురండి. అప్పుడు తప్పు జరగదు.

పన్ను ఎంత వెతికినా దొరకకపోతే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి. పెదవి లోపల గుచ్చుకుని ఉండొచ్చు, పిల్లవాడు మింగి ఉండొచ్చు, ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండొచ్చు.

తర్వాత ఎక్కడికి వెళ్ళాలి? దగ్గర్లో తెరిచి ఉన్న దంత వైద్యశాలకు ముందే ఫోన్ చేసి వెళ్ళండి. ఖర్చుకు భయపడి ఆగిపోవద్దు. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల, ఆసుపత్రి ఉంది. 1959 నుంచి పనిచేస్తోంది. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చాక అక్కడికి వెళ్ళడం మనకు సులువైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కితే మూసారాంబాగ్, న్యూ మార్కెట్, మలక్‌పేట దాటగానే ఎంజీబీఎస్. అక్కడ దిగి ఆటో ఎక్కొచ్చు. రోడ్డు ఆగిపోయిన సాయంత్రం రైలే నయం. పన్ను గుంటలోనో పాలలోనో ఉంటే ఆ కాసేపు ప్రయాణాన్ని తట్టుకుంటుంది.

దెబ్బ తగలకుండా చూసుకోవడం గురించి కూడా ఒక మాట. ఎత్తు పళ్ళున్న పిల్లలకు ఈ ప్రమాదం ఎక్కువ. అలాంటి పిల్లలను ఒకసారి డాక్టరుకు చూపించండి. బాక్సింగ్, హాకీ లాంటి ఆటలు నేర్చుకునే పిల్లలకు మౌత్‌గార్డ్ పెట్టించండి. బండి మీద పిల్లవాణ్ణి ముందు నిలబెట్టుకుని పోయే నాన్నలూ ఈ సభలో ఉన్నారు. బ్రేకు వేస్తే ఆ పిల్లవాడి నోరు ఎక్కడ కొట్టుకుంటుందో ఒక్కసారి ఆలోచించండి.

చివరగా మన సంఘానికి ఒక విన్నపం. స్వర్ణోత్సవం గుర్తుగా ఆర్చి కట్టాలా, వేదిక కట్టాలా అని చర్చ నడుస్తోందని విన్నాను. ఏది కట్టినా నా వంతు ఇస్తాను. దానితోపాటు ఖర్చు లేని నాలుగు పనులు చేద్దాం. గ్రౌండు గోడ మీద పిల్లలకు అర్థమయ్యే బొమ్మలతో ఈ సూచనలు రాయిద్దాం. స్టాఫ్‌రూం ప్రథమ చికిత్స పెట్టెలో మూతున్న చిన్న డబ్బా, ఒక సెలైన్ సీసా పెడదాం. దగ్గర్లోని ముగ్గురు దంత వైద్యుల ఫోన్ నంబర్లు దాని మూత మీద అంటిద్దాం. ఏటా జూన్‌లో బడి తెరిచిన వారంలో పీటీ సారుకు, టీచర్లకు, ఆయమ్మలకు, డ్రైవర్లకు నేను వచ్చి అరగంట చెబుతాను. ఫోన్ చూసుకుంటూ కూర్చున్నా ఏమీ అనుకోను. విన్నారో లేదో అవసరం వచ్చిన రోజు తెలుస్తుంది.

పొద్దున రాగానే వెనుక గ్రౌండుకు వెళ్ళి చూశాను. రేకుల షెడ్డు లేదు. మెట్లూ లేవు. అక్కడ ఆరో తరగతి పిల్లలు ఇప్పటికీ కబడ్డీ ఆడుతున్నారు. ఆడనివ్వండి, ఆపకండి. పిల్లలన్నాక పడతారు. పడ్డప్పుడు పక్కన ఉన్న ఒక్కరికైనా ఏం చేయాలో తెలిసి ఉంటే చాలు. ఆ రోజు నా మిత్రుడి పక్కన ఉన్నది నేను. నాకు తెలియదు. వాడు నన్ను ఎప్పుడో క్షమించాడు. ఈ గోడ మీద ఆ బొమ్మలు చూసిన రోజు నన్ను నేను క్షమించుకుంటాను.